కర్పూరానికి గోరుముద్దలు

ప్రేమగా చూసుకుంటే ఏ ప్రాణి అయినా ఎక్కడైనా ఇమిడిపోతుందని చాలామంది నమ్ముతారు. ఆ నమ్మకానికి ఒక సౌకర్యం ఉంది. ప్రాణి ఇమడకపోతే ప్రేమ చాలలేదని సరిపెట్టుకోవచ్చు, ఇంకొంచెం పోయవచ్చు. ఓటమి అనేదే ఎరగని అభిప్రాయాన్ని అనుమానించడం మంచిది. మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండే గిరిజ అనుమానించలేదు. యాభై దాటేవరకు ఆమెకు ఆ అవసరం రాలేదు.

గిరిజ గురించి చెప్పుకోదగిన విశేషాలు తక్కువ. భర్త రఘు కార్ల కంపెనీలో ఇంజనీరు, వారంలో ఎక్కువ రోజులు ఇంటి నుంచే పని. ఒక్కతే కూతురు సంహిత, ఆన్ ఆర్బర్‌లో చదువుకుంటోంది. గిరిజ ఇంటి దగ్గరి ఎలిమెంటరీ స్కూల్లో లంచ్ ఎయిడ్. పిల్లలు భోజనానికి కూర్చున్నప్పుడు పాల డబ్బాల మూతలు తీసిపెట్టడం, బల్లలు తుడవడం, తోపులాటలు ఆపడం ఆమె పని. ఒకసారి కిండర్‌గార్టెన్ పిల్ల ఒకతె అమ్మ కోసం ఏడుస్తూ ఏమీ ముట్టకపోతే గిరిజ పక్కన కూర్చుని, ఆ పిల్ల డబ్బాలోని మాకరోనీని తన వేళ్లతో నోటికి అందించింది. పిల్ల తిన్నది, ఏడుపు మానింది. మర్నాడు ప్రిన్సిపాల్ ఆమెను గదిలోకి పిలిచి, పిల్లలను తాకకూడదనీ, చేత్తో తినిపించడం అసలే కూడదనీ చాలా మర్యాదగా చెప్పింది. గిరిజకు కోపం రాలేదు. అయితే ఆ మాటలోని న్యాయమేమిటో కూడా ఆమెకు బోధపడలేదు. తినిపించడం ఎవరికైనా ఎలా హాని చేస్తుంది?

కర్పూరం ఆ ఇంటికి వచ్చింది ఆ సంవత్సరమే.

అది కాకటూ, చిలుకల కుటుంబానికి చెందిన పెద్ద పక్షి. ఒళ్లంతా తెలుపు, నెత్తిన విసనకర్రలా విచ్చుకునే పసుపుపచ్చ తురాయి, అక్రోటుకాయను పగలగొట్టగల నల్లని ముక్కు. ఈ జాతి ఆస్ట్రేలియాది. ఈ పక్షి మాత్రం ఆస్ట్రేలియాను చూడలేదు. ఫ్లోరిడాలో ఒక పెంపకందారు ఇంట్లో, కరెంటు పెట్టెలో పొదిగిన గుడ్డు నుంచి పుట్టి, కళ్లు తెరవకముందే మనుషుల చెంచాతో తిని పెరిగింది. గిరిజకు తెలిసిన అవినాష్, స్పందన అనే యువదంపతులు కరోనా రోజుల్లో కాలక్షేపానికి దాన్ని కొన్నారు. అవినాష్‌కు రెడ్‌మండ్‌లో ఉద్యోగం వచ్చేసరికి స్పందనకు ఏడో నెల. పంజరాన్ని కారులో పెట్టుకుని నేరుగా గిరిజ ఇంటికి వచ్చారు.

"ఆంటీ, మీరైతేనే చూసుకోగలరు. మీకు పేషెన్స్ ఎక్కువ" అంది స్పందన.

"ఎన్నేళ్లు బతుకుతుందోయ్ ఇది?" అని రఘు అడిగాడు.

"అరవై, డెబ్బై అంటారంకుల్."

"అయితే మేం పోయాక కూడా దీనికి స్టేటస్ ఉంటుందన్నమాట. మా హెచ్ వన్ వీసా రోజుల్లో ఇలాంటి గ్యారంటీ ఎవడిచ్చాడు!"

అందరూ నవ్వారు. పక్షి కూడా ఆ నవ్వును అనుకరించింది. స్పందన పెట్టిన పేరు డ్యూక్. గిరిజ చేయి పెట్టగానే ఆ ఈకల మీది తెల్లని పొడి ఆమె అరచేతికి అంటుకుంది. ఆ జాతి పక్షులన్నిటికీ ఆ పొడి ఉంటుంది. గిరిజ అరచేయి చూసుకుని "కర్పూరం" అంది. పేరు స్థిరపడింది.

ఆమె అశ్రద్ధ చేసిందని ఎవరూ అనలేరు. ఏది విషమో ఏది పథ్యమో ముందే చదివి పెట్టుకుంది. ఉప్పు వేయలేదు, ఉల్లి తగలనీయలేదు, అవకాడోను ఇంటి గడప తొక్కనీయలేదు. తెలియనిది ఒక్కటే మిగిలింది. అది తెలుసుకోవలసిన విషయమని కూడా ఆమెకు తోచలేదు. స్కూలు నుంచి రాగానే పెసరపప్పు, మెత్తటి అన్నం, ఉడికిన కారట్ కలిపి వెచ్చవెచ్చగా ముద్దలు చేసి, "తిను నాన్నా, తిను" అంటూ చేత్తో పెట్టేది. పెట్టినంతసేపూ ఎడమచేత్తో దాని వీపును మెడ నుంచి తోకదాకా నిమిరేది. పక్షి కళ్లు సగం మూసుకునేది, రెక్కలు కొద్దిగా దించి వణికించేది, గొంతులో మెల్లగా ఏదో గొణిగేది. సంహితను పెంచినదీ ఇలాగే. వీపు నిమిరితే నిద్రపోని బిడ్డ ఉంటుందా?

శనివారాలు వచ్చిపోయే స్నేహితులకు అదొక వేడుకైంది. రఘు ఆఫీసు మిత్రుడు వీరాంజనేయులు ఒక ముద్ద పూర్తిగా చూసి, "వదినా, వచ్చే జన్మలో మీ ఇంట్లో పిట్టనై పుడతా. మా ఇంట్ల ప్లేటు నేనే తీస్కోవాలె, నేనే కడ్గాలె" అన్నాడు.

"ఈకలు మొలిపించుకుని రా, చూద్దాం" అంది గిరిజ.

కర్పూరం రెండు మాటలు నేర్చుకుంది. ఒకటి గిరిజ గొంతుతో "తిను నాన్నా". రెండోది రఘు గొంతుతో "యామ్ ఐ ఆడిబుల్?" అనే ప్రశ్న, నా మాట వినిపిస్తోందా అని రోజూ మీటింగులు మొదలుపెడుతూ అతను అడిగేది. ఒకనాడు రఘు కాఫీకి లేచినప్పుడు పక్షి ఆ ప్రశ్న వేస్తే, అవతల మేనేజరు "యెస్ రఘు, గో అహెడ్" అన్నాడట. ఈ కథ ఫార్మింగ్టన్ హిల్స్‌లోని తెలుగు ఇళ్లన్నిటా తిరిగింది. ప్రేమకు ఏ ప్రాణి అయినా లొంగుతుందనడానికి గిరిజ ఇంటినే సాక్ష్యంగా చూపేవారు.

రెండో వసంతంలో సాక్ష్యం ఎదురు తిరిగింది.

మొదట రఘు చెవి. సోఫాలో భార్య పక్కన కూర్చోబోతుంటే పక్షి దూసుకొచ్చి చెవి తమ్మెను చీల్చింది. కుట్లు పడ్డాయి. ఆ తరువాత అరుపులు. గిరిజ కారు వాకిలి దాటగానే మొదలై ఆమె తిరిగొచ్చేదాకా ఆగేవి కావు. దూరాన ఉన్న గుంపుకు వినిపించడానికి ప్రకృతి ఇచ్చిన గొంతు అది; చెక్కగోడల ఇంట్లో ఇముడుతుందా? ఎదురింటివాళ్లు రెండుసార్లు వచ్చి మంచిగా అడిగారు, మూడోసారి రాలేదు, పలకరించడం మానేశారు. చివరిది అన్నిటికన్నా నిశ్శబ్దంగా వచ్చింది. ఒక సాయంత్రం పంజరం కింద తెల్లటి ఈకలు కనిపించాయి. రాలినవి కావు, పీకినవి. రొమ్ము మీద రూపాయి బిళ్లంత చోట గులాబీ రంగు చర్మం బయటపడింది. కొద్ది వారాల్లో రొమ్మంతా బోడిదైంది. ఆపైన ఈకలు దొరకక చర్మాన్నే కొరుక్కోసాగింది.

గిరిజకు తెలిసిన వైద్యం ఒకటే. ముద్దలు పెంచింది. నిమరడం పెంచింది. తను లేనప్పుడు బెంగ పెట్టుకుంటోందని స్కూలు ఉద్యోగం మానేసింది.

"నువ్వింట్లో ఉంటే ఇంకా ఎక్కువైంది గిరిజా, గమనించావా?" అన్నాడు రఘు.

"మీకు చెవి కోపం."

"చెవి సంగతి వదిలెయ్. దాని రొమ్ము చూడు."

"చూస్తున్నాను కాబట్టే కదా పక్కనే కూర్చుంటున్నాను!"

ఆ మాటలో అబద్ధం లేదు. నిజాయితీగా చేసే తప్పు ఎంత దూరమైనా పోగలదు. దాన్ని మధ్యలో ఆపడానికి సిగ్గు కూడా ఉండదు.

చివరకు సంహిత పక్షుల డాక్టరును వెతికి, తల్లిని, పంజరాన్ని కారులో తీసుకెళ్లింది. డాక్టరు నడివయసు దాటిన తెల్లావిడ. గాయం చూసింది, రక్తం తీసింది, జబ్బేమీ కనబడలేదంది. తరువాత గిరిజ వైపు తిరిగి, ఇంట్లో రోజూ ఎలా తినిపిస్తారో చేసి చూపించమంది. గిరిజకు ఉత్సాహం కలిగింది. డబ్బాలో ముద్దలు తెచ్చే ఉంది. పక్షిని మోచేతి మీద ఎక్కించుకుని, కుడిచేత్తో ముద్ద పెడుతూ, ఎడమచేత్తో వీపు నిమురుతూ, "తిను నాన్నా" అంది. కర్పూరం రెక్కలు దించి వణికింది.

డాక్టరు ఆ రెండు చేతులనూ గమనించింది. తరువాత నెమ్మదిగా చాలాసేపు మాట్లాడింది. సంహిత ముఖం ఎర్రబడింది.

"ఏమంటోందే?"

"అమ్మా, అదీ... వైల్డ్‌లో, ఆస్ట్రేలియాలో, ఫ్రెండ్స్ అయితే తల మాత్రమే టచ్ చేస్తాయంట. తల, నెక్. వీపు టచ్ చేసేది ఓన్లీ..." ఆగింది. "ఓన్లీ హజ్బెండ్ అండ్ వైఫ్. ఫుడ్ కూడా. వార్మ్ ఫుడ్ నోట్లో పెట్టేది మేట్‌కే."

"అంటే?"

"అంటే అది నిన్ను అమ్మ అనుకోవట్లేదు, అమ్మా."

గిరిజ చేయి పక్షి వీపు మీదే ఉంది. ఆ చేయి అక్కడి నుంచి కదలడానికి కొంత సమయం పట్టింది.

డాక్టరు కరుణ లేని మనిషి కాదు, అయినా మాటకు తేనె పూయలేదు. రోజూ మీరు దాన్ని జతకు పిలుస్తున్నారు, అది వస్తోంది, మీరు గిన్నె కడుక్కోవడానికి వెళ్లిపోతున్నారు. మీ భర్తను కరిచింది పోటీదారని. గూడు కట్టలేదు, గుడ్డు లేదు, పిలుపు మాత్రం ఆగదు. ఆ దేహానికి వేరే దారి లేక తనను తానే పీక్కుంటోంది. ఇదీ ఆమె చెప్పింది.

ఇచ్చేవారి చేతిలో ఉన్నదీ పుచ్చుకునేవారి చేతిలో పడేదీ ఒకటే అయివుండాలన్న నియమం ఎక్కడా లేదు. ఈ సంగతిని తర్కంగా ఒప్పుకోవడం కష్టం కాదు. వేళ్లకు అన్నం అంటుకుని ఉండగా ఒప్పుకోవడం వేరు.

తిరుగుదారిలో గిరిజ ఒక్కమాటే అంది. "ఆ ప్రిన్సిపాల్ కూడా ఏదో చెప్పబోయింది. నేను వినలేదు." సంహితకు ఆ సందర్భం తెలియదు. తెలిసినా, స్కూలు నియమానికీ దీనికీ సంబంధం లేదని చెప్పి ఉండేది. అదీ నిజమే. పోలిక దొరికిన చోటల్లా పాఠం ఉండదు.

డాక్టరు గిరిజ ముందు రెండు దారులు పెట్టింది. మొదటిది, ఇంట్లోనే ఉంచుకుని చేతులు దూరంగా పెట్టడం. ముద్దలు లేవు, నిమరడం లేదు, ఒడి లేదు. కొరికి చీల్చడానికి చెక్కముక్కలు, గిన్నెలో తిండి. రెండోది, టొలీడో దాటాక ఒహాయోలో పొలాల మధ్య ఉన్న పక్షుల ఆశ్రయానికి ఇచ్చేయడం. అక్కడ ఇలాంటివే ముప్పైకి పైగా కాకటూలు పెద్ద వలగదిలో కలిసి ఉంటాయి. కాని పాత యజమానులు చూడటానికి రాకూడదు. వస్తే పక్షి వాళ్ల కోసమే ఎదురుచూస్తూ మిగతావాటి వైపు తిరగదు.

గిరిజ మొదటిది ఎంచుకుంది. ఎవరైనా అదే ఎంచుకుంటారు.

ఆ శరత్కాలం ఆ ఇల్లు ఎలా ఉండేదో రఘు తరువాత ఎవరికీ వివరంగా చెప్పలేదు. పక్షి పంజరం కమ్మీలకు వీపు ఆనించి నిలబడేది. గిరిజ వంటగదిలో సింకు ముందు, అవసరం లేకపోయినా చేతులు నీళ్లలో పెట్టుకుని నిలబడేది. "తిను నాన్నా" అని పిలిచేది కర్పూరం, ఆమె గొంతుతోనే. గిన్నె నిండా తిండి ఉన్నా పిలిచేది. ఇదివరకు ఆ పిలుపు తరువాత ఆ చేయి వచ్చేది కదా; ఆ వరస అలాగే నడుస్తుందని దాని నమ్మకం. ఒక్కో పిలుపుకు గిరిజ భుజాలు కదిలేవి. మానబోయిన పుండు మళ్లీ రేగింది.

"ఎగరెయ్యొచ్చు కదా వదినా, దాని దారి అది చూస్కుంటది" అన్నాడు వీరాంజనేయులు.

"మిషిగన్ చలికా?" అన్నాడు రఘు.

"అట్ల కాదు, ఆస్ట్రేలియాకే తోలెయ్యరాదు?"

"వాళ్లు రానివ్వరు. అడిగాను" అంది గిరిజ. "ఆ జాతిదే అయినా సరే, బయట పుట్టింది బయటే ఉండాలట."

సిడ్నీలో ఉండే గిరిజ పిన్ని కూతురు రేణు ఒకరోజు వీడియో కాల్‌లో ఇదంతా విని ఆశ్చర్యపోయింది.

"ఇదేం కర్మక్కా నీకు! ఇక్కడ మాకవి కాకులతో సమానం. మా డెక్ రైలింగ్ మొత్తం కొరికేశాయి. చెత్త బిన్ మూతలు తీస్తాయి. కౌన్సిల్‌కి కంప్లయింట్ చేస్తే మూత మీద ఇటుక పెట్టుకోమన్నారు. ఇటుక కూడా తోసేశాయి! రైతులైతే వీటి పేరు చెబితే తుపాకీ తీస్తారు. నువ్వేమో దానికి పప్పన్నం పెట్టానంటావు. ఇదిగో, చూడు." రేణు ఫోన్ తిప్పింది.

పార్కు మీద సాయంత్రపు ఎండ. చెట్ల మీద, దీపస్తంభాల మీద, గడ్డి మీద ఎక్కడ చూసినా తెల్లటి పక్షులే. ఒకటి గోల్‌పోస్టుకు తలకిందులుగా వేలాడుతోంది. రెండు ఒకదాని మెడ ఒకటి దువ్వుకుంటున్నాయి. ఒక్కసారిగా అన్నీ లేచి అరిచాయి. ఆ అరుపు విని గిరిజ మొదటిసారి గ్రహించింది: తన ఇంట్లో ఎదురింటివాళ్లను దూరం చేసిన అరుపూ ఇదే, అక్కడ అది మామూలు మాట.

ఆమె ఫోన్‌ను పంజరం దగ్గరగా పెట్టింది. ఆశ ఎంత చిన్నదైనా ఆశే. కర్పూరం తురాయి లేచింది. పంజరంలో వెనక మూలకు జరిగి, ఫోన్‌లోని గుంపును ఒక కన్నుతో, తరువాత రెండో కన్నుతో చూసింది. గుంపు మళ్లీ అరిచింది. అప్పుడు అది తన జాతికి జీవితంలో మొదటిసారి జవాబిచ్చింది.

"యామ్ ఐ ఆడిబుల్?"

రేణు పగలబడి నవ్వింది. గిరిజ ఫోన్ పెట్టేసింది.

ఆ వారమే ఒహాయోకు ఫోన్ చేసింది. సంహిత క్లాసు ఎగ్గొట్టి వస్తానంటే వద్దంది. పంజరం మీద పాత కాటన్ చీర కప్పి, రఘు డ్రైవ్ చేస్తుంటే వెనక సీట్లో దాని పక్కన కూర్చుంది. తాకలేదు. ఆశ్రయం చూసే మనిషి పేరు నీల్, బొద్దుగా, మాట తక్కువగా ఉంటాడు. చేతుల మీద పాత గాట్లు. కడసారి కాసేపు ఎత్తుకుంటారా అని అడిగాడు. అందరూ ఎత్తుకుంటారట. గిరిజ వద్దంది. ఎత్తుకుంటే ఎలా ఎత్తుకోవాలో ఆమె చేతులకు తెలిసిన పద్ధతి ఒక్కటే, అది కూడదు. నీల్ పంజరాన్ని లోపలికి తీసుకెళ్లాడు. వలగది తలుపు మూసుకునేలోపు "తిను నాన్నా" అని ఒకసారి వినబడింది.

ఊళ్లో అందరూ ఓదార్చారు. దాని వాళ్లలో కలిసింది కదా, హాయిగా ఉంటుందన్నారు. గిరిజ ఆ మాట అనలేదు. కొందరు ఇది గొప్ప త్యాగమన్నారు. అదీ సరికాదు. చేస్తున్న హానిని ఆపడానికి త్యాగమని పేరు పెట్టడం, హాని చేసినవారిని మరోసారి మెచ్చుకోవడమే.

చలికాలం వెళ్లాక నీల్ ఫోన్ చేశాడు. రఘు స్పీకర్‌లో పెట్టాడు. రొమ్ము మానిందట, నూగు వచ్చిందట, కొన్ని చోట్ల పూర్తి ఈకలే వచ్చాయట. కాని గుంపులో కలవలేదు. మిగతావి పైన కొయ్యల మీద ఉంటే ఇది కింద, తలుపు పక్కన ఒంటరిగా కూర్చుంటోంది. దగ్గరకొచ్చిన వాటిని చూస్తుంది, జరుగుతుంది. ఇలా కొన్ని పక్షులకు జరుగుతుందని, తాము పక్షులమని అవి ఎప్పటికీ నేర్చుకోవని అన్నాడు. తరువాత అసలు విషయానికి వచ్చాడు. చేతులు దూరంగా పెట్టడం మీకిప్పుడు తెలుసు, కావాలంటే వెనక్కి తీసుకెళ్లవచ్చు, నేను కాదనను. మీ దగ్గర కొరుక్కుంటుంది, ఇక్కడ ఒంటరిగా ఉంటుంది. ఏది మేలో నిజంగా నాకూ తెలియదు.

గిరిజ ఫోన్ దగ్గరికి వచ్చి కూర్చుంది.

"ఇంకొకటి అడగాలి" అన్నాడు నీల్. "పొద్దున్నే గిన్నెల్లో తిండి పోయగానే ఇది మిగతావాటి వైపు తిరిగి ఏదో అంటుంది. టినూ నానా అని. ఏమిటది?"

"తినమని" అంది గిరిజ. "వేరే ఏమీ లేదు."

ఫోన్ పెట్టాక రఘు ఆమె ముఖం చూసి, "తెచ్చేసుకుందామా? నాకింకో చెవి ఉందిలే" అన్నాడు. అతను నిజంగానే అన్నాడు.

ఆమె వంటగదిలోకి వెళ్లింది. సంహిత ఫోన్ చేసి, "అమ్మా, నీకు కావాలంటే తెచ్చుకో, ఐ విల్ హెల్ప్" అంది. నాకు కావాలి, అందుకే అడగకు అని గిరిజ జవాబు.

మర్నాడు పొద్దున్న ఆమె నీల్‌కు ఫోన్ చేసి, కర్పూరాన్ని అక్కడే ఉంచమని చెప్పింది. తను చూడటానికి రానని, ఫోటోలు పంపవద్దని చెప్పింది. గాయం మళ్లీ రేగితే మాత్రం తెలియజేయమని అడిగింది. ఆగస్టులో స్కూలు తెరిచినప్పుడు లంచ్ ఎయిడ్ పనికి మళ్లీ వెళ్లింది. పాల డబ్బాల మూతలు తీసిపెడుతుంది, బల్లలు తుడుస్తుంది. ఏ పిల్ల అయినా ఏడిస్తే టీచరును పిలుస్తుంది.